ఫ్లారెన్సు నైటింగేలు

యుద్ధములలో జయించిన సేనాధిపతుల పేళ్లు చరిత్రమునందు నిలిచియుండును. పేరైనను తెలియక నేలకొరిగిన సామాన్య భటులను తలంచువారు అరుదు. అట్టి భటుల ఋణమును జీవితాంతము మరువక, తన కృషిచే దానిని దీర్ప యత్నించిన పుణ్యవతి ఫ్లారెన్సు నైటింగేలు.

ఈమె 1820వ సంవత్సరము మే 12వ తేదీని ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున, భాగ్యవంతులగు ఆంగ్ల దంపతులకు జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. పదునారేండ్ల ప్రాయమున దేవుడు తన్ను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచెను. ఆ కాలమున ఆసుపత్రి పరిచర్య గౌరవ కుటుంబముల స్త్రీలకు తగదని యెంచుచుండిరి. తల్లియు అక్కయు అడ్డుపడిరి. ఆమె పెక్కేండ్లు ఓర్చి, 1851లో జర్మను సీమయందలి కైసర్‌వెర్తులోనున్న క్రైస్తవ పరిచారికల సంస్థయందు శిక్షణ పొందెను.

1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికుల దురవస్థ వార్తాపత్రికల మూలమున వెల్లడియయ్యెను. నవంబరు నెలలో ఆమె 38 మంది పరిచారికలతో టర్కీదేశమందలి స్కుటారి సైనికాసుపత్రికి చేరెను. అచ్చట పడకలు, బట్టలు, తగిన ఆహారము కొరవడియుండెను. ఆమె వంటకును బట్టల ఉతుకుటకును ఏర్పాట్లు గావించెను. రాత్రులందు దీపము చేతబూని రోగులను పరామర్శించెను. మృతుల కుటుంబములకు స్వయముగా లేఖలు వ్రాసెను.

ఇంత చేసినను మరణములు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చనిపోయిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలను శుభ్రపరచి, గాలి చొరబడునట్లు చేయగా, జూను నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగెను. 1856లో ఆమె ప్రజల స్వాగతములను తప్పించుకొని, నిశ్శబ్దముగా ఇల్లు చేరెను. పిమ్మట గణాంకవేత్తయగు విలియం ఫార్ తోడ్పాటుతో లెక్కలను పరిశీలింపగా, శత్రువుల గుండ్లకంటె మురికియు రోగములును ఎక్కువమందిని బలిగొనెనని స్పష్టమయ్యెను. నివారింపదగిన వ్యాధులచే వేలకొలది యువకులు తన కన్నులయెదుటనే మడిసిరను తలంపు ఆమెను ఎన్నడును విడువలేదు.

ఆమెయెడల కృతజ్ఞతతో ప్రజలును సైనికులును చందాలిచ్చి, సుమారు 45,000 పౌనుల నిధిని కూర్చిరి. ఆ ధనముతో 1860లో లండనునందలి సెయింటు తామసు ఆసుపత్రిలో పరిచారికల పాఠశాల నెలకొల్పబడెను. ఆమె రోగపీడితయై పెక్కేండ్లు గది విడువలేకున్నను కలము విడువలేదు. సైన్యారోగ్యమునుగూర్చి 1857లో విచారణ సంఘము ఏర్పడుటకు ఆమె పట్టుదలయే ముఖ్య కారణము. భారతదేశమునకు ఎన్నడును రాకున్నను, ఇచ్చటి దండులనుండి వచ్చిన నివేదికలను చదివి, మంచినీరు, మురుగుకాలువలు, నివాసములు బాగుపడవలెనని 1863లో వాదించెను. సైనికులతో మొదలైన ఆమె చింత క్రమముగా మన గ్రామములకును ప్రాకెను. గోదావరి ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థరు కాటనుగారి నీటిపారుదల వాదమును ఆమె బలపరచెను.

ఆమె 1910 ఆగస్టు 13వ తేదీని, తన 90 యేండ్ల ప్రాయమున దివంగతురాలయ్యెను. వెస్టుమినిస్టరు ఆలయమున సమాధి గౌరవము లభింపనున్నను, ఆమె కోరిక ననుసరించి కుటుంబ నివాస సమీపమందలి చిన్న దేవాలయ ప్రాంగణమున ఖననము చేసిరి. శవపేటికను సైనికులే మోసిరి. సమాధి శిలపై ఆమె పూర్తి పేరైనను లేదు. పొడి అక్షరములు, జనన మరణముల కాలము మాత్రమే కలవు.

బాలబాలికలారా! మనకొరకు ప్రాణములొడ్డినవారిని పొగడుట సులభము. గాయపడి వచ్చినవానిని ఆదరించుట, మడిసినవాని కుటుంబమును విచారించుట, వ్యర్థముగా మరియొకడు చావకుండ కారణములను వెదకి తొలగించుట కష్టము. ఈ కష్టమైన కృతజ్ఞతయే నైటింగేలు మనకు చూపిన మార్గము.