చూడని దేశం గురించి రాసిన మనిషి

సైటుకి వెళ్ళకుండా సర్వే రిపోర్టు రాసిస్తే మన సార్లు ఊరుకుంటారా? రికార్డు తిప్పి మొహాన కొడతారు. అలాంటిది ఒకావిడ జపాన్‌లో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండా, జపనీస్ భాష రాకుండా, జపాన్ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ పుస్తకం ఇప్పటికీ ప్రింటులో ఉంది. జపాన్ వాళ్ళే లక్షల కాపీలు కొని చదివారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. ఇదేం పరిశోధన అనిపించింది. ఆవిడ జీవితం చదివాక కోపం పూర్తిగా పోలేదు గానీ, దాని పక్కన గౌరవం కూడా వచ్చి కూర్చుంది.

ఆవిడ పేరు రూత్ బెనెడిక్ట్. అమెరికన్ మానవశాస్త్రవేత్త. 1887 జూన్ 5న న్యూయార్క్‌లో పుట్టారు. నాన్న సర్జన్. రూత్‌కి రెండేళ్ళు నిండకుండానే ఆయన చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇంట్లో అమ్మ ఏడుపే. దానికి తోడు చిన్నప్పుడు తట్టు సోకి రూత్‌కి వినికిడి బాగా తగ్గిపోయింది. స్కూల్లో చేరేదాకా ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు. పిలిస్తే పలకదు, మొండి పిల్ల అనుకున్నారట.

1909లో వాసర్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు. కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. 1914లో స్టాన్లీ బెనెడిక్ట్ అనే బయోకెమిస్ట్‌ని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు. కాపురం అంత సజావుగా సాగలేదు. ఆన్ సింగిల్టన్ అనే మారుపేరుతో కవితలు రాసుకునేవారు. మనలో ఇరవై దాటగానే కెరీర్ అయిపోయిందని బెంగపడేవాళ్ళు ఇది గమనించాలి: ఆవిడ మానవశాస్త్రం క్లాసులో మొదటిసారి కూర్చున్నది 1919లో, 32 ఏళ్ళ వయసులో. 1921లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంజ్ బోయాస్ దగ్గర చేరారు. 1923కల్లా డాక్టరేట్ వచ్చేసింది.

బోయాస్ గురించి ఒక మాట చెప్పుకోకపోతే ఈ కథ సగమే అవుతుంది. జాతిని బట్టి తెలివి ఉంటుందన్న వాదానికి సైన్సులో ఆధారం లేదని జీవితాంతం పోరాడిన మనిషి ఆయన. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కొందరు మానవశాస్త్రవేత్తలు పరిశోధన పేరు చెప్పుకుని మధ్య అమెరికాలో గూఢచర్యం చేశారు. 1919లో బోయాస్ ఆ సంగతి పత్రికకెక్కించారు. దానికి మానవశాస్త్రవేత్తల సంఘం గూఢచారులను వదిలేసి, బోయాస్‌నే తప్పుపడుతూ తీర్మానం చేసింది. ఆ అభిశంసనను వెనక్కి తీసుకోవడానికి 2005 దాకా పట్టింది. అలాంటి గురువుకి శిష్యురాలు మన రూత్.

చెవులు సరిగా వినపడని మనిషికి ఫీల్డ్ వర్క్ అంటే ఎంత కష్టమో ఊహించుకోండి. అయినా న్యూ మెక్సికోలో జూనీ ప్రజల దగ్గరికి వెళ్ళి, దుబాసీల సాయంతో వాళ్ళ కథలు రాసుకొచ్చారు. 1934లో వచ్చిన 'పాటర్న్స్ ఆఫ్ కల్చర్' పుస్తకం ఆవిడని ప్రపంచానికి పరిచయం చేసింది. ఒక సంస్కృతిని ముక్కలు ముక్కలుగా కాకుండా, ఒక మొత్తంగా చూడాలన్నది అందులోని సారం. ఒకచోట పిచ్చి అనిపించేది ఇంకోచోట పద్ధతి అవుతుంది. 1936లో బోయాస్ రిటైర్ అయ్యాక డిపార్ట్‌మెంట్‌ని కొంతకాలం ఈవిడే నడిపారు. పదవి మాత్రం బయటినుంచి తెచ్చిన మగాయనకి ఇచ్చారు.

యుద్ధం వచ్చింది. 1943లో ఆవిడ జీన్ వెల్ట్‌ఫిష్‌తో కలిసి జాతుల గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పెట్టిన పరీక్షల స్కోర్లే అందులో ఇచ్చారు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాల నల్లవారి స్కోర్లు కొన్ని దక్షిణాది రాష్ట్రాల తెల్లవారి కంటే ఎక్కువ ఉన్నాయి. బడి బాగుంటే స్కోరు బాగుంటుంది, రంగుకి సంబంధం లేదు అన్నమాట. కాంగ్రెస్ సభ్యుడొకాయన గొడవ చేశాడు. సైన్యం తన సైనికులకి ఆ పుస్తకం పంచకుండా ఆపేసింది. హిట్లర్ జాతివాదం మీద యుద్ధం చేస్తున్న సైన్యం ఇది!

అదే ఏడాది ఆవిడ వాషింగ్టన్‌లోని యుద్ధ సమాచార కార్యాలయంలో చేరారు. 1944 జూన్‌లో జపాన్ పని అప్పజెప్పారు. ప్రశ్నలు చిన్నవి కావు. జపాన్ సైనికులు లొంగిపోవడం కంటే చావడానికే ఎందుకు సిద్ధపడుతున్నారు? చక్రవర్తి రాజభవనం మీద బాంబు వేయొచ్చా? ఓడిపోయాక ఆ దేశం ఊరూరా పోరాడుతుందా? జవాబు తప్పయితే పోయేది మార్కులు కాదు, ప్రాణాలు.

యుద్ధంలో జపాన్ వెళ్ళే వీలు లేదు. అందుకని అనువాదమైన నవలలు, జపనీస్ సినిమాలు, సైనికుల డైరీలు, యుద్ధఖైదీల వాంగ్మూలాలు, ఇలా దొరికిందల్లా చదివారు, చూశారు. అన్నిటికంటే ముఖ్యంగా అమెరికాలో ఉన్న జపనీయులతో మాట్లాడారు. ఇక్కడే నాకు గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. 1942లో రూజ్వెల్ట్ ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ళు, షాపులు ఖాళీ చేయించి ముళ్ళకంచె వెనక క్యాంపుల్లో పెట్టారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. ఆవిడకి సమాచారం ఇచ్చినవాళ్ళలో ఆ క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. బంధించిన ప్రభుత్వం తరఫున అడిగితే, మనసులో మాట ఎంత చెప్పగలుగుతారు?

అయినా ఆవిడకి ఒక దారి దొరికింది. జపనీస్‌లో 'ఒన్' అనే మాట ఉంది. మనకి దాన్ని వివరించడం తేలికే, 'రుణం' అంటే సరిపోతుంది. తల్లిదండ్రుల రుణం, గురువు రుణం, వాటన్నిటి మీద చక్రవర్తి రుణం. ప్రాణమిచ్చినా పూర్తిగా తీరనిది అది. అలాంటప్పుడు చక్రవర్తిని అవమానిస్తే యుద్ధం మరింత ముదురుతుంది. ఆయనే ఆపమంటే మాత్రం ఆగుతుంది. 1945 ఆగస్టు 15న రేడియోలో చక్రవర్తి గొంతు వినిపించింది, సైన్యం ఆయుధాలు దించింది. కానీ అప్పటికే 6న హిరోషిమా, 9న నాగసాకి కాలిపోయాయి. జపాన్‌లో మనోబలం సడలుతోందని ఆవిడ పనిచేసిన విభాగం అంతకుముందే రిపోర్టులిచ్చింది. బాంబు నిర్ణయం ఆ బల్లల దగ్గర జరగలేదు.

1946లో ఆ పనంతా 'ది క్రిసాంథెమమ్ అండ్ ద స్వార్డ్' పుస్తకంగా వచ్చింది. చామంతి, కత్తి అన్నమాట. 1948లో జపనీస్ అనువాదం వచ్చింది. అక్కడి పండితులు గట్టిగానే విమర్శించారు. సైనికులు నమ్మినదాన్ని పట్టుకుని దేశమంతా అదే అంటే ఎలా అని తత్వవేత్త వత్సుజి తెత్సురో నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మన భాషలో చెప్పాలంటే శాంపుల్ తప్పు. దేశమంతటికీ ఒకే స్వభావం ఉంటుందనుకోవడం ఆ పుస్తకంలో పెద్ద లోపమే.

మరి గౌరవం ఎందుకంటారా? ఆ రోజుల్లో అమెరికా పోస్టర్లలో జపాన్‌వాడంటే పళ్ళు బయటపెట్టిన కోతి. శత్రువు మనిషే కాదనుకుంటే చంపడం సులువు. ఈవిడ, వాళ్ళు చేసేదానికి వాళ్ళ లెక్కలో ఒక అర్థం ఉంది, అదేంటో చూద్దాం అని కూర్చున్నారు. జీతమిచ్చింది యుద్ధం, నిజమే. కానీ అడిగిన ప్రశ్న మాత్రం బోయాస్ నేర్పినదే.

1948లో కొలంబియా ఆవిడకి పూర్తి ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. ఆ ఏడాదే యూరప్ తిరిగొచ్చి, గుండెపోటుతో సెప్టెంబర్ 17న కన్నుమూశారు. అప్పటికి 61 ఏళ్ళు. జపాన్ చూడనేలేదు.

ఆ పుస్తకం చదివేవాళ్ళు మొదట్లో కృతజ్ఞతల పేజీని దాటెయ్యకండి. యుద్ధకాలంలో అందరూ అనుమానంగా చూసిన జపనీయులకే ఆవిడ అందరికంటే ముందు ధన్యవాదాలు చెప్పారు. క్యాంపు నుంచి వచ్చి తనతో పనిచేసిన రాబర్ట్ హషిమాని పేరు పెట్టి తలుచుకున్నారు, ఆయన్ని క్యాంపులో పెట్టారన్న సంగతి కూడా దాచలేదు. ఆ పేజీతో రుణం తీరిందని నేననను. కానీ రుణం ఉందని ఒప్పుకున్నారు.