ఒంగోలు క్లౌ దొర జీవితము

ఒంగోలు పేరు చెప్పగానే మన ప్రాంతపు రైతునకు ఎడ్లు జ్ఞప్తికి వచ్చును. నూట ముప్పది యేండ్ల క్రిందట అమెరికా దేశపు పల్లెటూళ్ళలో ఆ పేరు చెప్పినచో అచటి కాపులకు జ్ఞప్తికి వచ్చినవాడు ఒక మనుష్యుడు. అతడు జాన్ ఎవరెట్ క్లౌ. తెలుగువారు అతనిని క్లౌ దొర యనిరి. మతబోధకుడుగా పేరు వడసినను, అతడు మొదట పొలములు కొలిచినవాడు. ఆ సంగతి మఱచినచో అతని జీవితము సరిగా బోధపడదు.

క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున పడమటి కొనయందున్న ఫ్రూస్‌బర్గు అను గ్రామసమీపమున జన్మించెను. అది కలిగిన కుటుంబము కాదు. పడమట క్రొత్త నేలలు దొరకునన్న ఆశతో ఆ కుటుంబము మొదట ఇల్లినాయి రాష్ట్రమునకును, అటుపిమ్మట అయోవాకును తరలిపోయెను. అమెరికా యనగానే ఆకాశమంటు మేడలను తలచుకొనువారు ఆనాటి అయోవాను వేఱుగ ఊహించుకొనవలెను. దుంగలతో కట్టిన యిండ్లు, ఎడ్లు లాగు నాగళ్ళు, కనుచూపుమేర గడ్డి, నడుమ నడుమ మక్కజొన్న చేలు. వైద్యుడు దూరము, అంగడి దూరము. శీతకాలమున మంచు కప్పినప్పుడు కుటుంబమంతయు ఒక్క పొయ్యి చుట్టు చేరవలసినదే. అట్టి కాపుల యిండ్లలో రాత్రి భోజనమైన పిదప తండ్రియో తల్లియో బైబిలు తెఱచి చదువుట, పిల్లలు వినుట, అందఱు కలసి కీర్తన పాడుట వాడుక. మన యిండ్లలో చాతుర్మాస్యమున భారతము చదివించుకొనుట వంటిదే యది. చలికాలము ముగియు వేళ మేపుల్ అను చెట్టునకు గాటు పెట్టి, కారిన రసమును పెద్ద బానలలో కాచి చక్కెర చేయుదురు. బెల్లపు గానుగ దగ్గఱ మన పిల్లలు గుమిగూడినట్లే ఆ పిల్లలును గుమిగూడుదురు. ఆదివారము నాడు నాగలి కదలదు. ఆరు దినములు ఎముకలు విఱుగ పనిచేసిన కుటుంబమునకు ఆ యొక్క దినపు విశ్రాంతియే గొప్ప భాగ్యము. ఈ ఆదివారపు విరామమే కొన్ని యేండ్లకు ఒంగోలు సీమలో పెద్ద తగవు తెచ్చెను.

పదునెనిమిదేండ్లయినను నిండకముందే క్లౌ మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు భూమికొలత పనిలో చేరెను. అక్కడి నేలను ఆరు మైళ్ళ చదరములుగ విభజించి, ఒక్కొక్క చదరమును మరల 36 ఖండములు చేయుదురు. ఖండమునకు 640 ఎకరములు. కొలుచు గొలుసు 66 అడుగులు. మన తెలంగాణమున గుంట కొలత 33 అడుగుల చదరము గనుక, సరిగా దానికి రెట్టింపన్నమాట. అడవులలో, బురదనేలలలో ఆ గొలుసు లాగించుచు, పుస్తకమున అంకెలు వ్రాయుచు అతడు కొన్ని యేండ్లు గడపెను. కూలీలచే పనిచేయించుట, నేల ఎత్తుపల్లములు చూచుట, ఖర్చు లెక్క కట్టుట అప్పుడబ్బినవి. వాని ఉపయోగము ఇరువది యేండ్లకు కనబడెను.

ఆ సంపాదనతో చదువుకొనవలెనని మిసిసిపీ నదీతీరమందలి బర్లింగ్‌టన్ పాఠశాలలో చేరెను. అచట ఒకే గదిలో నివసించు సహాధ్యాయి నిత్యము బైబిలు చదివి మోకరించి ప్రార్థించుచుండెను. క్లౌకు అది విసుగు పుట్టించెను. గది నడుమ సుద్దతో ఒక గీత గీసి, ప్రార్థనలన్నియు ఆవలి సగమున జరుపుకొనుమని మిత్రునకు చెప్పెను. కొలతగానికి తగిన పరిష్కారమే! ఆ మిత్రుడు కోపింపక తన సగములో తన ప్రార్థన సాగించుచుండెను. కొన్నాళ్ళకు గీత దాటినవాడు క్లౌయే. 1858లో అతడు బాప్తిస్మము పొంది బాప్తిస్టు సంఘమున చేరెను.

1861లో హారియట్ సండర్లాండును వివాహమాడెను. అదే సంవత్సరము అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధ మారంభమయ్యెను. ఆ యుద్ధము ముగియకముందే, 1864 నవంబరు చివర, భార్యాభర్తలు బోస్టను రేవున తెరచాపల ఓడ నెక్కిరి. ఓడలో తోడున్నవాడు లైమన్ జ్యూయెట్. నెల్లూరి తెలుగు మిషను ఫలింపలేదనియు, మూసివేయవలెననియు అమెరికాలో పెద్దలు పలుమారు తలచినను, పట్టు విడువక దానిని నిలిపిన వృద్ధుడతడు. 1865 ఏప్రిలులో చెన్నపట్టణము చేరి, నెల్లూరిలో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో అచట సంఘ మేర్పడెను.

ఈ కథలో రెండవ కథానాయకుడు యెఱ్ఱగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ కులస్థుడు, తాళ్ళకొండపాడు నివాసి. రాజయోగమార్గమున గురూపదేశము పొంది, తనకును శిష్యులు గలవాడు. ఆరణ్యపర్వమున మిథిలానగరపు మాంసవిక్రేత కౌశికునికి ధర్మము చెప్పిన కథ విన్నవారికి పేరయ్యనుగూర్చి వింత తోపదు. క్రీస్తు బోధ చెవిసోకిన పిదప అతడు 1866లో బాప్తిస్మము పొంది, తోళ్ళకొఱకు తిరిగిన ఊళ్ళన్నింటను ఆ మాట చెప్పెను. మఱుసటి యేటి జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళినప్పుడు, చుట్టుప్రక్కల పల్లెలవారు పడకలు, తిండి మూటకట్టుకొని వచ్చి చింతతోపులో విడిసియుండిరి. అయిదు దినములు మాటలు, ప్రార్థనలు జరిగెను. 28 మంది బాప్తిస్మము పొందిరి.

అప్పుడు వచ్చెను చిక్కు. ఒంగోలులో అగ్రవర్ణముల బాలురు కొందఱు క్లౌ దగ్గఱకు వచ్చి చదువుకొనుచు బైబిలునందు ఆసక్తి చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు స్పష్టముగ తెలిపిరి. పట్టణమున పలుకుబడి గల కుటుంబముల పిల్లలను వదలుకొనుట ఏ బోధకునికైనను కష్టమే. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, హారియట్ వేఱొక గదిలో, ఒకరికొకరు తెలియకయే బైబిలు తెఱచిరి. ఇరువురకును కనబడినది ఒకే పుట, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో, దేవుడు జ్ఞానులను సిగ్గుపఱచుటకు లోకమున నీచులుగ నెంచబడినవారిని ఏర్పఱచుకొనెనన్న తావు. తరువాత మాటలాడుకొనునప్పుడు సంగతి బయటపడగా వారికి సందేహము తీఱెను. బాలుర బడి పోయెను. కాకతాళీయమనువారు అనవచ్చును. కాని భర్త యొక్కడే నిర్ణయించి భార్యకు చెప్పిన కాపురము కాదది యని మాత్రము దీనివలన తెలియును.

చేరిన కుటుంబములకు క్లౌ మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చెప్పుటకు చిన్నవి, ఊరిలో పాటించుటకు కొండంతలు. మోట బావి క్రింద సాగు చేసినవారికి వివరింప నక్కఱలేదు. వేసవిలో తోలు బొక్కెన చినిగినచో ఆ పూటయే కుట్టవలెను, లేనిచో మడి ఎండును. ఆదివారము రానన్న మాదిగపై కాపునకు కోపము రాకుండునా? జాతరలో డప్పు కొట్టుటకు వారు రాకున్న ఊరి పెద్దలు ఊరకుందురా? చచ్చిన గొడ్డు మాంసము ఆ పేదల యిండ్లలో కఱవు దినముల ఆహారము. దానిని విడుచుట పస్తునకు సిద్ధపడుటయే. కళ్ళములో రావలసిన మేర గింజలు నిలిపివేయుట, దారులు కట్టివేయుట, తప్పుడు వ్యాజ్యములు జరిగినవి. క్లౌ అధికారుల యొద్దకు పోయి మాటలాడెను. కొన్నిచోట్ల ఊరి పెద్దల యొద్దనే కూర్చుండి సర్దిచెప్పెను. కాపుల నష్టము వట్టిది కాదు. అయినను వారమున కొక దినము తనదని చెప్పుకొను హక్కు ఆ కుటుంబములకు అంతకు మునుపు ఎన్నడును లేకుండెను. ఆ దినమున భార్యాబిడ్డలతో ఉతికిన గుడ్డ కట్టుకొని కూర్చుండి పాటలు పాడుకొనుట వారికి క్రొత్త సుఖము.

1876లో వానలు తప్పెను. 1878 వరకు దక్షిణ దేశమును పట్టిన ఆ మహాక్షామమున లక్షలకొలది జనులు మడిసిరి. దత్తమండలములు, మన హైదరాబాదు సంస్థానపు దక్షిణ భాగములు, మైసూరు అన్నియు తల్లడిల్లెను. చెన్నపట్టణమునకు గవర్నరుగ నున్న బకింగ్‌హాము ప్రభువు కఱవు పనిగా సముద్రతీరపు కాలువను త్రవ్వించుచుండెను. నేటికిని దానికి అతని పేరే. ఆ కాలువలో మూడున్నర మైళ్ళు, అనగా 280 గొలుసుల పొడవు, త్రవ్వు పనిని క్లౌ గుత్తకు తీసికొనెను. మిన్నెసోటా అడవులలో నేర్చిన విద్య అక్కఱకు వచ్చినది. కూలీలకు గుడిసెలు వేయించెను. తన బోధకులను మేస్త్రీలుగ నియమించెను. ఇతర పనులలో మేస్త్రీల తిట్లకు, దెబ్బలకు బెదరి పాఱిపోయినవారు ఇక్కడ నిలిచిరి. మధ్యాహ్నపు విరామమున నీడలో కూర్చున్నవారికి ఆ మేస్త్రీలే క్రీస్తు కథ చెప్పుచుండిరి. కూలి మాత్రము వినినవారికి, వినని వారికి ఒక్కటే. రంతిదేవుడు చేతనున్న నీటిని సైతము అడిగినవారి కిచ్చెనని భాగవతము చెప్పును. క్లౌ మార్గము వేఱు. అతడు పని చూపి, గంపెడు మట్టికి ఇంతయని లెక్కగట్టి యిచ్చెను. దాతకును, గుత్తేదారునకును నడుమ నుండు ఈ స్థానమే అతనికి సహజము.

వేలమంది బాప్తిస్మమిమ్మని అడిగిరి. క్లౌ ఇయ్యలేదు. కఱవు ధనము తన చేతిలో నున్నంత కాలము, సుమారు 15 నెలలు, ఒక్కరినైనను చేర్చుకొనలేదు. ఆకలికి మతము అమ్ముకొనిరన్న మాట వారిపై పడరాదనియు, తాను కొనెనన్న మాట తనపై పడరాదనియు అతని తలంపు. అమెరికాలో చందాలిచ్చిన కాపు కుటుంబములు అంకెలకొఱకు ఎదురుచూచుచుండగా ఇట్లు తలుపు మూయుట సామాన్యము కాదు.

1878 జూన్‌లో సహాయధనము నిలిచిపోయెను. ఇక ఇచ్చుటకు తన దగ్గఱ ఏమియు లేదని, ఇండ్లకు మరలి పొమ్మని గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద చేరిన జనులకు క్లౌ చెప్పెను. తాము ధనము కొఱకు రాలేదని, చేర్చుకొన్నగాని కదలమని వారు సమాధానమిచ్చిరి. పేరు పేరున విచారించి, తెలిసిన బోధకుల సాక్ష్యము తీసికొని, జూలై 2వ తేదీన మొదలుపెట్టిరి. 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది ఆ నదిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దఱిద్దఱుగ నీటిలో దిగి, అలసినప్పుడు మార్చుకొనుచు ఆ పని నెఱవేర్చిరి. క్లౌ ఆ దినమున ఒక్కరికైనను బాప్తిస్మ మీయలేదు. గట్టున నిలిచి క్రమము చూచుచుండెను.

కడుపు కొఱకు చేరినవారన్న నింద అప్పటికిని తప్పలేదు. గింజలున్నప్పుడు త్రోసిపుచ్చి, గింజలు నిండుకొన్నప్పుడు చేర్చుకొన్నాడనుట ఈ నిందకు తగిన జవాబే. అయినను, ప్రాణము నిలిపిన చేతిపై మక్కువ ఆ జనులలో లేకుండెననుట సత్యము కాదు. కృతజ్ఞతను భక్తినుండి వేఱుచేసి తూచు త్రాసు ఏ లెక్కగాని యొద్దను లేదు. నింద వేసినవారిలో ఎందఱు ఆ కఱవున వారికి గంజి పోసిరన్న ప్రశ్న కూడ మిగిలియే యున్నది. కొన్నేండ్లలోనే ఒంగోలు సంఘము సభ్యుల సంఖ్య 20,000 దాటెను.

ఆ వార్తలు అమెరికా పల్లెలలో చదువబడగా బోధకులు మఱికొందఱు బయలుదేరిరి. 1885లో ఎల్బర్ట్ చూట్ అను అమెరికా బాప్తిస్టు పాలమూరునకు వచ్చెను. నేటి మహబూబ్‌నగర మదియే. నల్లగొండకు అబ్రహాం ఫ్రీసెన్ వచ్చెను. అతడు రష్యాలోని మెన్నొనైటు కాపుల సంతతి. ఆ కాపులలోనే కొందఱు 1874 మొదలు అమెరికాలోని కాన్సాసునకు వలసపోయి గోధుమ పండించి బ్రతికిరి. వారి పిల్లలు తరువాత నాగర్‌కర్నూలు, దేవరకొండ ప్రాంతములకు వచ్చి బడులు, ఆసుపత్రులు నడపిరి.

హారియట్ జీవితమును గూర్చి ఇంతకంటె ఎక్కువ వ్రాయబడియుండవలసినది. ఆడపిల్లలకు, బోధకుల భార్యలకు చదువు చెప్పుట ఆమె పని. భర్త నెలలకొలది గుఱ్ఱముపైనను బండిలోను గ్రామములు తిరుగుచుండగా ఇల్లు, బడి, రోగులు ఆమెపైననే. పిల్లల చదువు కొఱకు సముద్రము నడుమ నుంచి కుటుంబము విడివడుట ఆనాటి మిషనరీ లందఱకును తప్పని దుఃఖము, వారికిని తప్పలేదు. 1893లో ఆమె మరణించెను. మఱుసటి యేట క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. బెర్న్ విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టము పొందిన విదుషి. ఆమె మాదిగవాడలలో కూర్చుండి, వృద్ధుల నోట వారి గురువులు, యోగములు, కుటుంబముల వృత్తాంతములు విని, చెప్పులు కుట్టువారి కథలుగా 1899లో గ్రంథము వెలువరించెను. పేరయ్య వంటివారిని గూర్చి నేడు తెలియునదంతయు చాలవఱకు ఆమె చలవయే.

వార్ధక్యమున క్లౌ పడి తొడయెముక విఱుగగా మునుపటివలె తిరుగలేకపోయెను. అమెరికాకు మరలి, న్యూయార్కు రాష్ట్రపు రాచెస్టరులో 1910 నవంబరు 24వ తేదీన కన్నుమూసెను. అతడు నోటితో చెప్పిన జీవితకథను ఎమ్మా వ్రాసికొని సవరించి 1914లో ప్రకటించెను. ఒంగోలులో అతని పేరిట ఒక ఆసుపత్రి వెలసెను.