కార్ల్ డ్రైస్

కార్ల్ డ్రైస్ (1785 ఏప్రిల్ 29 - 1851 డిసెంబర్ 10) జర్మనీకి చెందిన ఆవిష్కర్త. సైకిలుకు మూలరూపమైన రెండు చక్రాల వాహనాన్ని నిర్మించి నడిపినవాడిగా ప్రసిద్ధుడు.

కార్ల్స్‌రూహె నగరంలో ఉన్నత వంశంలో జన్మించాడు. తండ్రి బాడెన్ రాజ్యంలో న్యాయాధికారి. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదివి, అటవీశాఖలో ఉద్యోగం చేశాడు.

1817 జూన్ 12న డ్రైస్ తన వాహనంపై మన్‌హైమ్ నుండి బయలుదేరి, సుమారు 7 కిలోమీటర్ల దూరంలో, ష్వెట్‌జింగెన్ దారిలో బండ్ల గుర్రాలను మార్చే మజిలీ వరకు వెళ్ళి, గంటలోపే తిరిగివచ్చాడు. చెక్కతో చేసిన ఈ వాహనానికి పెడళ్ళు, గొలుసు లేవు. నడిపేవాడు దానిపై కూర్చుని కాళ్ళతో నేలను వెనుకకు నెట్టుతూ, వేగం అందుకోగానే పాదాలు పైకెత్తి సాగిపోయేవాడు. ఒకే వరుసలో ఉన్న రెండు చక్రాలపై మనిషి పడిపోకుండా ఉండగలడని ఆనాడు నమ్మేవారు తక్కువ. వాహనం ఏ వైపుకు ఒరిగితే ముందుచక్రాన్ని ఆ వైపుకే తిప్పాలి. అప్పుడు చక్రాలు తిరిగి శరీరభారం కిందికి వస్తాయి. డ్రైస్ ఆవిష్కరణలో అసలు కీలకం చక్రాలు కాదు, తిప్పగలిగిన ఈ ముందుచక్రమే. 1816లో పంటలు పోయి గుర్రాల దాణా ప్రియం కావడమే ఇందుకు ప్రేరణ అని కొందరు చరిత్రకారులు అంటారు కాని, అది ఊహ మాత్రమే.

1818 జనవరి 12న బాడెన్ ప్రభుత్వం ఆయనకు ఈ వాహనంపై ప్రత్యేక హక్కు ఇచ్చింది. అయితే గతుకుల రోడ్లపై నడపలేక జనం కాలిబాటలకెక్కడంతో పలు నగరాలు దానిని నిషేధించాయి. నకళ్ళు తయారుచేసినవారే ఎక్కువ లాభపడ్డారు. 1820లలో కొన్నేళ్ళు బ్రెజిల్‌లో గడిపాడు. అక్షరాల మీటలు గల ఒక టైపు యంత్రాన్ని కూడా రూపొందించాడు.

1849 విప్లవకాలంలో ప్రజాపక్షం వహించి తన వంశ బిరుదును వదులుకున్నాడు. విప్లవం అణచివేయబడిన తరువాత ఆయన పింఛను జప్తు చేశారు. కార్ల్స్‌రూహెలోనే పేదరికంలో మరణించాడు.

ముందుచక్రానికి పెడళ్ళు అమర్చిన వాహనాలు 1860లలో పారిస్‌లో ప్రచారంలోకి వచ్చాయి. అంటే, కాళ్ళు నేలకు తాకే వీలుండగా నిలదొక్కుకోవడం ముందు, తొక్కడం తరువాత. నేడు చిన్నపిల్లలకు సైకిలు నేర్పే పెడళ్ళు లేని బ్యాలెన్స్ బైకులు ఈ క్రమాన్నే అనుసరిస్తాయి. వాటి రూపం కూడా డ్రైస్ వాహనానికి దగ్గరగానే ఉంటుంది.