వానల గుట్టు వెదికిన గణితవేత్త వాకర్

హుస్నాబాద్: మృగశిర కార్తె ప్రవేశించిందంటే మెట్ట ప్రాంతమైన హుస్నాబాద్‌లో రైతుల చూపు ఆకాశం వైపే ఉంటుంది. పత్తి, మొక్కజొన్న విత్తనాలు వేశాక వాన ముఖం చాటేస్తే గింజలతో పాటు పెట్టుబడి కూడా మట్టిపాలవుతుంది. అటువంటి వేళ తరచూ వినవచ్చే మాట ఎల్‌నినో. ఎక్కడో ఉన్న పసిఫిక్ మహాసముద్రానికి, మన చెరువులకు గల సంబంధాన్ని తెలుసుకోవడానికి బాట వేసిన శాస్త్రవేత్త సర్ గిల్బర్ట్ వాకర్.

కరవు నేర్పిన పాఠం

వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో జన్మించారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1889లో గణితంలో ప్రథమ స్థానం సాధించారు. 1899లో వానలు బాగా కురుస్తాయన్న భారత వాతావరణ శాఖ అంచనా తలకిందులై, దేశం ఘోరమైన కరవు పాలైంది. ఆ తరువాత కొద్ది కాలానికే, వాతావరణ శాస్త్రంతో పూర్వపరిచయం లేని ఈ గణితవేత్త 1904లో శాఖాధిపతి అయ్యారు. 1913లో మద్రాసు వెళ్లినపుడు శ్రీనివాస రామానుజన్ ప్రతిభను గుర్తించి, ఉపకారవేతనం ఇవ్వాలని విశ్వవిద్యాలయానికి సిఫారసు చేసినదీ ఈయనే.

రెండు సముద్రాల ఏతం

దేశ వాతావరణం శాశ్వతంగా మారిపోతోందా అన్న ప్రశ్న నాడు కూడా ఉండేది. వాన లెక్కలను పరిశీలించిన వాకర్, శాశ్వత మార్పునకు ఆధారాలు లేవని 1910లో తేల్చారు. ప్రపంచం నలుమూలల నుంచి వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం వివరాలు తెప్పించి, గుమాస్తాల చేత చేతిలెక్కలు కట్టించారు. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రంలో తగ్గుతుందని, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందని, ఆ హెచ్చుతగ్గులు ఏతంలా సాగుతాయని గ్రహించారు. 1924లో దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టారు. ఆ ఏడే పదవీ విరమణ చేసి, లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడిగా చేరారు. 1958 నవంబరు 4న కన్నుమూశారు.

మరణానంతరం మన్నన

సంబంధాన్ని కనుగొన్నా, దాని కారణాన్ని ఆయన చెప్పలేకపోయారు. అందువల్ల ఆయన సూత్రాలను అనేకులు నమ్మలేదు. 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ ఆ డోలనానికి, పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్‌నినోకు గల ముడిని విప్పి, అక్కడి గాలుల ప్రసరణకు వాకర్ పేరే పెట్టారు.

2002, 2009, 2015 కరవు సంవత్సరాల్లో ఎల్‌నినో ప్రభావం కనిపించింది. అయితే బలమైన ఎల్‌నినో ఉన్న 1997లో దేశంలో వానలు సాధారణంగానే కురిశాయి. 1910లో వాకర్‌కు కానరాని మార్పు సైతం నేడు రుజువైంది. మానవ కార్యకలాపాల వల్ల భూమి వేడెక్కి, మధ్య భారతంలో 1950 తరువాత కుండపోత వానలు పెరిగాయి. దేశమంతటికీ చెప్పే అంచనా ఒక్క మండలానికి అచ్చంగా వర్తించదు. కాబట్టి అంచనాను ఆలకిస్తూనే, పదును చూసి విత్తడం, కురిసిన నీటిని చెరువులో నిలుపుకోవడం రైతుకు శ్రేయస్కరం.