మన రేడియో అన్నయ్య

సోంపేటలో రైలెక్కితే, ఇచ్ఛాపురం దాటాక బరంపురం వస్తుంది. న్యాయపతి రాఘవరావు గారు 1905లో అక్కడే జన్మించారు. అప్పట్లో మన బారువ కూడా ఆ గంజాం జిల్లాలోదే. మద్రాసు రేడియో కేంద్రంలో ఆయన, భార్య కామేశ్వరి గారు అన్నయ్య, అక్కయ్యలై పిల్లల కార్యక్రమం నడిపారు. పెద్దలు చెబుతుంటే పిల్లలు ఊరికే వినడం కాదు, పిల్లల చేతనే పాడించారు, నాటకాలు వేయించారు, మైకు ముందు బెదురు లేకుండా మాట్లాడించారు. వార్షికోత్సవం నాడు స్టేజీ ఎక్కి కాళ్లు వణికిన మనకు ఆ విలువ తెలుసు! 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అందులోనే అచ్చయింది. తరువాత హైదరాబాదు చేరి నారాయణగూడలో బాలానంద సంఘాన్ని నడిపారు. 1980లో అక్కయ్య, 1984లో అన్నయ్య కన్నుమూశారు.