గింజలు కాదు, భూమి

ఆచార్య వినోబా భావే 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. గాంధీజీ శిష్యులు. అరబ్బీ నేర్చుకుని ఖురాన్‌ను మూలంలోనే చదివినవారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లికి నడిచి వచ్చారు. అవి తెలంగాణా సాయుధ పోరాటపు రోజులు. దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగారు. ఆకలిగొన్నవాళ్లు గింజలు అడుగుతారనుకుంటాం గదా! వాళ్లు 80 ఎకరాల భూమి అడిగారు, సగం తరి, సగం ఖుష్కి. అదుంటే దున్నుకుని బతుకుతామన్నారు. సర్కారు ఎప్పుడిచ్చేను? వినోబా ఊరివాళ్ల ముందే ఆ మాట పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా పుట్టింది.

తర్వాత పదమూడేళ్లు దేశమంతా కాలినడకన తిరిగారు. 40 లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చింది. అయితే అందులో రాళ్లూ రప్పలూ, వ్యాజ్యాల భూములూ చాలా ఉండెను. పేదల చేతికి అందింది కొంతే. అందినా ఎడ్లు, బావి, విత్తనం లేనివాడికి భూమి ఒక్కటే ఏం సరిపోతుంది? ఈ లోటు దాచి ఆయన జీవితం చెప్పరాదు.

1982 నవంబరు 15న పౌనార్ ఆశ్రమంలో కన్నుమూశారు. ఆ ఊరిని ఇప్పుడు భూదాన్ పోచంపల్లి అంటారు.