డిచ్‌పల్లి ఆశాజ్యోతి – ఇసాబెల్ కెర్

వ్యాధి దేహాన్ని బాధిస్తుంది. వ్యాధిని గూర్చిన భయం మనస్సును దహిస్తుంది. ఒకప్పుడు కుష్ఠువ్యాధి సోకినవారు ఈ రెండు బాధలనూ అనుభవించారు. అయినవారే వారిని ఊరి వెలుపలికి పంపివేసేవారు. అట్టి అభాగ్యుల కోసం ఇందూరు సీమలో తన జీవితాన్ని ధారపోసిన వైద్యురాలు ఇసాబెల్ కెర్.

ఆమె 1875 మే 30న స్కాట్లాండు దేశంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించడం అరుదైన ఆ రోజులలో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1903లో పట్టభద్రులయ్యారు. మతబోధకుడైన జార్జి కెర్‌ను వివాహమాడి, 1907లో భర్తతో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చారు.

నిజామాబాదు ప్రాంతానికి అప్పటికి నిజాంసాగర్ జలాలు రాలేదు. బోధనులో చక్కెర కర్మాగారం వెలయలేదు. కుష్ఠురోగులకు తగిన వైద్య వసతి లేకపోవడం ఇసాబెల్ హృదయాన్ని కలచివేసింది. 1911లో ఆ దంపతులు నిజామాబాదులో ఒక చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించారు. దాతృత్వానికి పేరుగాంచిన రాజా నర్సాగౌడ్ భూరి విరాళమిచ్చి ఆదుకున్నారు. ఫలితంగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది.

ఆనాడు ఈ వ్యాధికి తెలిసిన మందు చాల్ముగ్రా జాతి గింజల నూనె. మన ప్రాచీన వైద్యులు దానిని తువరకమన్నారు. తాగితే వాంతులు కలిగించే ఆ నూనెను రోగులు భరించలేక మధ్యలోనే మానివేసేవారు. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేయగా, ఇసాబెల్ దానిని డిచ్‌పల్లిలో అమలుపరిచారు.

ఆ చికిత్స ఒకనాటితో ముగిసేది కాదు. నెలల తరబడి సూది వేయాలి. మోతాదు చాలకపోతే గుణముండదు, మించితే బాధ పెరుగుతుంది. ఎవరికి, ఎంత, ఏనాడు ఇవ్వాలో వైద్యులు ఎరిగి ఉండాలి. నొప్పిని ఓర్చుకొని మళ్ళీ రావడానికి రోగికి వైద్యునిపై నమ్మకం కలగాలి. ఆ నమ్మకాన్ని సంపాదించడమే ఇసాబెల్ సాధించిన ఘనవిజయం. 1923లో ప్రభుత్వం ఆ దంపతులను కైసర్-ఎ-హింద్ పతకంతో గౌరవించింది. 1932 జనవరి 12న ఆమె ఆకస్మికంగా కన్నుమూశారు. ఆసుపత్రి సేవలను భర్త కొనసాగించారు.

ఆ నూనె వ్యాధిని సమూలంగా నిర్మూలించలేదని తరువాత తేలింది. 1940వ దశకంలో డాప్సోన్ వాడుకలోకి వచ్చింది. ఒకే మందును, అదీ క్రమం తప్పి వాడడం వల్ల క్రిములు దానికి లొంగని స్థితి ఏర్పడింది. అందుచేత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళౌషధ చికిత్సను సూచించింది. నేడు కుష్ఠువ్యాధి నయమయ్యే వ్యాధి.

ఈనాడు అనేక పెద్ద ఆసుపత్రులలో వైద్యులు మందులను కంప్యూటరులోనే నమోదు చేస్తున్నారు. మోతాదు మించినా, పడని మందు వ్రాసినా ఆ యంత్రం హెచ్చరించగలదు. సరైన రోగికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన వేళకు అందాలన్నదే దాని ధ్యేయం. డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ చేపట్టిన చికిత్సకూ అదే ప్రాణం. సాధనాలు మారవచ్చు. కాని రోగిని తోటి మనిషిగా చూసే దృష్టిని ఏ యంత్రమూ ఇవ్వజాలదు. దానిని వైద్యుడే అలవరచుకోవాలి.